సర్కారు జిల్లాల ముస్లింల ప్రతినిధి మౌల్వీ ఉమర్ ఆలీషా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు బహు తక్కువ. నూటికి ఒక్కరు కూడా లేరు. ఎన్నికలు వచ్చినప్పుడు ఇక్కడి మసీదు వీధుల ఓట్లు లెక్కపెట్టుకుని అభ్యర్థిని నిలబెట్టే పార్టీ ఏదీ ఉండదు. అలాంటి ఈ ప్రాంతపు ముస్లింలకు ఒకప్పుడు ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో ప్రత్యేకించి ఒక ప్రతినిధి ఉండేవారు. ఒక ఏడాదో రెండేళ్లో కాదు, 1935 నుంచి 1945 వరకు పదేళ్ల పాటు ఆయనే ఉన్నారు. ఆ ప్రతినిధి జమీందారు కాదు, వకీలు కాదు. సూఫీ గురువు, తెలుగు కవి. నాటకాలు రాశారు, నవలలు రాశారు, పారశీకం నుంచి తెలుగులోకి పద్యాలు తెచ్చారు. ఆయనే మౌల్వీ ఉమర్ ఆలీషా.

కవిగా ఆయన పేరు సాహిత్య చరిత్రల్లో ఉంది. గురువుగా పిఠాపురంలోని పీఠం ఆయనను తలుచుకుంటూనే ఉంది. శాసనసభ్యుడిగా ఆయన ఎవరి ప్రతినిధి, ఎందరికి ప్రతినిధి, ఎలాంటి సభలో కూర్చున్నారు అన్నది మాత్రం మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడానికి ఒక చిన్న కారణం పేరులోనే ఉంది. తెలుగు పుస్తకాల అట్టల మీద ఆయన ఉమర్ ఆలీషా. ఢిల్లీ సభ సభ్యుల పట్టీలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉమర్ అలీ షా. రెండూ చూసినవారు ఇద్దరు వేర్వేరు మనుషులు అనుకున్నా వింత లేదు.

ఉమర్ ఆలీషా 1885 ఫిబ్రవరి 28న పిఠాపురంలో జన్మించారు. తండ్రి మొహియుద్దీన్ బాద్షా, తల్లి చాంద్ బీబీ. వంశం సూఫీ గురువులది. పూర్వీకులు పశ్చిమాసియా నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి దక్షిణాదికి వచ్చి చివరకు పిఠాపురంలో స్థిరపడ్డారని ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకునే మాట. తండ్రి తరువాత గురుపీఠం బాధ్యత ఉమర్ ఆలీషా మీద పడింది. ఆయన చదువు ఒక్క భాషతో ఆగలేదు. అరబ్బీ, పారశీకం, ఉర్దూ ఇంటి సంప్రదాయం నుంచి వచ్చాయి. తెలుగు, సంస్కృతం చుట్టూ ఉన్న ఊరు ఇచ్చింది. ఇంగ్లీషు కాలం ఇచ్చింది.

ఆ ఊరి గురించి ఒక మాట చెప్పుకోవాలి. పిఠాపురం అప్పట్లో సంస్థానం. ఉమర్ ఆలీషా పుట్టిన 1885లోనే, అక్టోబరు నెలలో, తరువాత ఆ సంస్థానానికి అధిపతి అయిన సూర్యారావు బహద్దూర్ కూడా పుట్టారు. తెలుగులో పెద్ద నిఘంటువు అయిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ రాజుగారి పేరు మీదనే వెలసింది. పండితులు, కవులు వచ్చిపోతూ ఉండే ఊరు అది. అలాంటి చోట పెరిగిన ముస్లిం బాలుడు తెలుగు ఛందస్సు నేర్చుకోవడం ఆశ్చర్యం కాదు. నేర్చుకుని అందులోనే జీవితాంతం రాయడం మాత్రం ఆలోచించవలసిన విషయం. ఉర్దూలో రాసి ఉంటే హైదరాబాదులోనూ లక్నోలోనూ పాఠకులు దొరికేవారు. ఆయన తన చుట్టుపక్కల జిల్లాల పాఠకులనే ఎంచుకున్నారు.

పిఠాపురం నుంచి మద్రాసు - కలకత్తా రైలు మార్గం పట్టుకుని ఉత్తరంగా వెళితే తుని, అనకాపల్లి, విజయనగరం, ఆపైన శ్రీకాకుళం రోడ్డు స్టేషను వస్తాయి. ఈ దారి పొడవునా ముస్లింల ఉనికి కొత్తది కాదు. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలోనే శ్రీకాకుళం ఫౌజుదారుల కేంద్రంగా ఉండేది. షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు పదిహేడో శతాబ్దం నాటిది. ఇవాళ్టికీ శ్రీకాకుళంలో శుక్రవారం నమాజుకు నిలబడేవారు ఆ చరిత్ర పక్కనే నిలబడుతున్నారు. నిజాముల కాలంలో చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, ముర్తుజానగర్ అని అయిదు సర్కార్లు ఉండేవి. ఉత్తర సర్కారులు అన్న పేరు వీటి నుంచి వచ్చిందే. పదవులు పోయాయి, ఫౌజుదార్లు పోయారు. కచేరీ భాషలో మాత్రం తహసీలు, జమాబందీ, అమీను, రుసుము వంటి మాటలు మిగిలిపోయాయి. ముస్లిం కుటుంబాలు అక్కడక్కడా మిగిలాయి. పాలన చేసిన వర్గం అన్న గొప్ప ఎన్నడో పోయి, చిన్న వ్యాపారం, చిన్న ఉద్యోగం, చేతిపని మీద బతికే కొద్దిపాటి కుటుంబాలయ్యాయి. ఉమర్ ఆలీషా ఢిల్లీ సభలో ప్రాతినిధ్యం వహించినది ఇలాంటి కుటుంబాలకే.

ఇక ఆయన రాతల సంగతి. మణిమాల, చంద్రగుప్త, దానవవధ, అనసూయ, కళ ఆయన నాటకాలు. శాంత, పద్మావతి నవలలు. ఖండకావ్యములు, బర్హిణీదేవి, స్వర్గమాత పద్యరచనలు. బ్రహ్మవిద్యా విలాసము, సూఫీ వేదాంత దర్శనము తత్త్వగ్రంథాలు. ప్రవక్త మహమ్మద్ (స) జీవితాన్నీ తెలుగు పద్యాల్లో రాశారు. ఈ పేర్లు వింటేనే కొందరికి సందేహం కలుగుతుంది. అనసూయ ఏమిటి, దానవవధ ఏమిటి, ఒక మౌల్వీ రాయవలసిన విషయాలేనా అని. ఆ రోజుల్లో తెలుగు నాటకం అంటే పద్యనాటకం. విజయనగరంలో కన్యాశుల్కం 1892లోనే రంగం ఎక్కిన మాట నిజమే గానీ, ఊళ్లలో రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టినవి పౌరాణిక, చారిత్రక పద్యనాటకాలే. జనం దగ్గరకు వెళ్లాలనుకున్న రచయిత జనం కూర్చునే పందిరికే వెళ్లాలి. ఉమర్ ఆలీషా అదే చేశారు. స్త్రీలకు చదువు ఉండాలని, వారి కష్టాన్ని సమాజం పట్టించుకోవాలని కోరుకున్న రచయిత ఆయన.

పారశీకం నుంచి ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఆయన తెలుగు చేశారు. ఖయ్యాం ప్రపంచానికి తెలిసింది ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదం ద్వారా. మన దేశంలో చాలామంది అనువాదకులు ఆ ఇంగ్లీషు పుస్తకాన్నే ఆధారం చేసుకున్నారు. ఉమర్ ఆలీషాకు ఆ అవసరం లేదు. మూలభాష ఆయనకు తెలుసు. పైగా సూఫీ సంప్రదాయంలో పెరిగినవారికి మధువు, సాకీ, మట్టికుండ వంటి సంకేతాలు ఎవరో విడమరచి చెప్పవలసిన పని లేదు. ఖయ్యాం నిజంగా సూఫీయా, కాదా అన్న వాదం పండితుల్లో ఇప్పటికీ ఉంది. ఆ వాదంలోకి ఇక్కడ పోనవసరం లేదు.

ఇదే పని విజయనగరంలో మరొకరు చేశారు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులుగా పనిచేసిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయనకు పారశీకం వచ్చు, అరబ్బీ వచ్చు. ఖయ్యాం మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ అనువాదాన్నీ రెంటినీ తీసుకుని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ మార్చి 1932లో పుస్తకంగా వెలువరించారు. కాళ్లకు గజ్జెలు కట్టి రాముడి కథ చెప్పే దాసుగారు నిశాపూరు కవిని అచ్చతెలుగులో పలికించారు. నమాజు చేసే మౌల్వీ పిఠాపురంలో కూర్చుని అనసూయ నాటకం రాశారు. ఉత్తరాంధ్రలోనే పుట్టిన మరో పండితుడు చిలుకూరి నారాయణరావు గారు. ఖురాన్ షరీఫ్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చింది ఆయనే. 1930 ప్రాంతంలో అది అచ్చయింది. ముగ్గురూ సమకాలికులు. ముగ్గురిలో ఎవరూ తన మతం వదులుకోలేదు, ఎదుటివారిని వదులుకోమనలేదు. ఈ పనులను ఆ కాలపు పండితులు పెద్ద విశేషంగా కూడా భావించి ఉండరు. ఈ రోజు మనకు విశేషంగా కనిపిస్తున్నాయంటే దూరం పెరిగింది మన మధ్యనే.

ఇప్పుడు శాసనసభ విషయానికి వద్దాం. దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ప్రత్యేక నియోజకవర్గాలు అన్న మాట వినడమే గానీ అవి ఎలా నడిచేవో ఈ తరానికి తెలియదు.

1909 సంస్కరణలతో ముస్లింలకు విడిగా నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. ముస్లిం స్థానంలో పోటీ చేసేది ముస్లిం అభ్యర్థి. ఓటు వేసేది ముస్లిం ఓటరు. అదే ఊరిలో పక్కింట్లో ఉన్న హిందువుకు ఆ స్థానంతో సంబంధం లేదు. ఆయన ఓటు వేరే స్థానానికి. అలాగే ముస్లిముకు సాధారణ స్థానంలో ఓటు లేదు. 1919 చట్టం ప్రకారం ఏర్పడిన కేంద్ర శాసనసభలో సుమారు 145 మంది సభ్యులు. అందులో నూరుమందికి పైగా ఎన్నికైనవారు, మిగిలినవారు ప్రభుత్వం నియమించినవారు. ఎన్నికయ్యేవారిలో ముస్లిం స్థానాలు 30. మద్రాసు రాష్ట్రానికి వచ్చినవి మూడు. ఉత్తర మద్రాసు, దక్షిణ మద్రాసు, పశ్చిమ తీరం - నీలగిరి. ఉత్తర మద్రాసు అంటే మనది.

ఓటు కూడా అందరికీ లేదు. ఆస్తి ఉండాలి, లేదా నిర్ణీతమైన పన్ను కట్టాలి. కనుక ముస్లింలలో ఓటున్నవారు కొద్దిమందే. ఆ కొద్దిమంది కూడా ఎంత దూరం పరచుకుని ఉన్నారో చూడండి. 1934లో శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో భాగం. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. సాధారణ ఓటర్లకు ఈ రెండు జిల్లాలు కలిపి ఒక స్థానం. అక్కడి నుంచి వి.వి. గిరి గారు ఎన్నికయ్యారు. గోదావరి - కృష్ణా స్థానం నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, గుంటూరు - నెల్లూరు నుంచి ఎన్.జి. రంగా గారు, దత్త మండలాలు - చిత్తూరు నుంచి మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తెలుగు జిల్లాలకు ఇలా నాలుగు సాధారణ స్థానాలు. దాదాపు ఈ నేల అంతా కలిపి ముస్లింలకు ఒకే ఒక్క స్థానం. 1934 నవంబరు ఎన్నికల్లో ఆ స్థానం నుంచి ఎన్నికైనవారు ఉమర్ ఆలీషా.

ఈ ఏర్పాటులోని వింత ఆయన విషయంలోనే బాగా కనిపిస్తుంది. పిఠాపురం పీఠానికి శిష్యుల్లో హిందువులు చాలామంది. ఆయన పుస్తకాలు చదివినవారిలో, నాటకాలు చూసినవారిలో కూడా వారే ఎక్కువ. వారిలో ఒక్కరికి కూడా ఆయనకు ఓటు వేసే హక్కు లేదు. ఆయన ముఖం ఎన్నడూ చూడని, తెలుగు పద్యం చదవని దూరపు జిల్లా ముస్లిముకు ఆ హక్కు ఉంది. ఒక మనిషిని సగం చేసి, ఆ సగానికే ప్రాతినిధ్యం ఇచ్చింది చట్టం. ప్రత్యేక నియోజకవర్గాల వల్ల ముస్లింలకు మేలు జరగలేదని అనలేం. అవి లేకపోతే చికాకోలు, విజయనగరం ముస్లింల గోడు వినడానికి ఢిల్లీలో ఒక్క మనిషైనా ఉండేవాడా అన్న ప్రశ్న నిజమైన ప్రశ్న. అయితే ఆ మేలుకు కట్టిన ధర కూడా చిన్నది కాదు. ఓటు కోసం పక్కింటి గుమ్మం ఎక్కవలసిన అవసరం లేకపోతే, రానురాను ఆ గుమ్మం దూరమవుతుంది. ముస్లిం నాయకులకు ఇది జరిగింది, హిందూ నాయకులకూ జరిగింది. ఉమర్ ఆలీషా మాత్రం ఎన్నికల కోసం కాకపోయినా ఆ గుమ్మాలు ఎక్కుతూనే ఉన్నారు. ఆయన కవిత్వం, ఆయన పీఠం ఆ దారి మూసుకుపోనివ్వలేదు.

సభ చలికాలంలో ఢిల్లీలోనూ ఆకురాలు కాలంలో సిమ్లాలోనూ జరిగేది. ఢిల్లీలో 1927లో ప్రారంభమైన గుండ్రటి భవనం. అదే తరువాత స్వతంత్ర భారత పార్లమెంటు అయింది. ఆయన కూర్చున్న సభామందిరంలోనే 2023 వరకు లోక్‌సభ జరిగింది. పిఠాపురం నుంచి అంత దూరం రైలులో పోవడం, చలిలో ఉండడం, మళ్లీ తిరిగి వచ్చి శిష్యులను చూసుకోవడం, రాసుకోవడం. పదేళ్లు ఇలా గడిచింది. నిజానికి ఆ సభ గడువు మూడేళ్లే. కొత్త రాజ్యాంగ చట్టంలోని సమాఖ్య భాగం అమలు కాలేదు, తరువాత యుద్ధం వచ్చింది. గడువు పొడిగిస్తూ పోయారు. ఈలోగా తోటి తెలుగు సభ్యులు కొందరు వేరే దారులు పట్టారు. గిరి గారు 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో నిలబడి, అప్పటి మద్రాసు ప్రధాని అయిన బొబ్బిలి రాజానే ఓడించి రాష్ట్ర మంత్రి అయ్యారు. నాగేశ్వరరావు పంతులు గారు 1938లో కన్నుమూశారు. ఉత్తర మద్రాసు ముస్లిం స్థానంలో మాత్రం మనిషి మారలేదు.

ఆ సభకు అధ్యక్షులు సర్ అబ్దుర్ రహీం. కాంగ్రెసు పక్షానికి భూలాభాయ్ దేశాయ్ నాయకుడు. స్వతంత్ర సభ్యుల ముందువరుసలో మహమ్మద్ అలీ జిన్నా. దేశ భవిష్యత్తు గురించిన పెద్ద పెద్ద వాదోపవాదాలన్నీ అక్కడే. అయితే ఆ వాదాలు ఎంత గట్టిగా సాగినా, మన ఇళ్లలోకి వచ్చి నిలిచినవి ఆ సభ చేసిన రెండు మూడు చట్టాలు. వాటి గురించి ముస్లిం కుటుంబాల్లో, ముఖ్యంగా ఆడపిల్లలకు, తెలియవలసింది ఉంది.

మొదటిది 1937 నాటి షరియత్ చట్టం. పంజాబుకు చెందిన హాఫిజ్ మహమ్మద్ అబ్దుల్లా ఆ బిల్లు తెచ్చారు. అప్పటి వరకు దేశంలో చాలాచోట్ల ముస్లింల ఆస్తి తగాదాలను కోర్టులు షరియత్ ప్రకారం కాక స్థానిక ఆచారం ప్రకారం తేల్చేవి. ఆచారం అంటే చాలాచోట్ల కూతురికి ఏమీ లేదని అర్థం. దివ్య ఖురాన్ కూతురికి ఇచ్చిన వాటాను కులాచారం మింగేసేది. వివాహం, విడాకులు, మెహర్, వారసత్వం వంటి విషయాల్లో ముస్లింలకు షరియత్తే వర్తిస్తుందని 1937 అక్టోబరు 7న ఆమోదం పొందిన ఈ చట్టం చెప్పింది. అయితే వ్యవసాయ భూమిని మినహాయించారు. మన దేశంలో ఆస్తి అంటే ముందు భూమే కదా! ఆ లోటును మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ ద్వారా తీర్చింది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కనుక ఆ సవరణ మనకూ వచ్చింది. చట్టం ఉన్నా, పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అని కూతురి వాటా ఎగ్గొట్టే తండ్రులు, అన్నదమ్ములు మనలో ఇంకా ఉన్నారు. దానికి ఆ సభను తప్పుపట్టలేం.

రెండోది 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. హనఫీ న్యాయం ప్రకారం భర్త వదిలేసి పోయినా, ఏళ్ల తరబడి పోషించకపోయినా భార్య కోర్టుకు వెళ్లి వివాహం రద్దు చేయించుకోవడం దాదాపు అసాధ్యంగా ఉండేది. వేరే దారి లేక కొందరు స్త్రీలు ఇస్లాంనే వదిలిపెట్టే పరిస్థితి వచ్చింది. ఇది చూసి ఉలేమాలు కదిలారు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ వంటి పెద్దలు మాలికీ న్యాయంలోని వెసులుబాటును హనఫీలు కూడా తీసుకోవచ్చని ఫత్వా ఇచ్చారు. ఆ ఆధారంతో ఖాజీ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ బిల్లు తెచ్చారు. నాలుగేళ్లుగా భర్త ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా, ఏడేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినా, క్రూరంగా ప్రవర్తించినా భార్య వివాహం రద్దు కోరవచ్చు. ఈ చట్టం నేటికీ అమలులో ఉంది. అదే సభ 1937లో హిందూ వితంతువులకు ఆస్తిలో హక్కు కల్పించే చట్టం కూడా చేసింది. శాంత, పద్మావతి నవలలు రాసిన మనిషి సభ్యుడుగా ఉన్న సభలో రెండు మతాల స్త్రీల కష్టమూ చట్టాల రూపంలో చర్చకు వచ్చింది.

1936లో అమెరికాలోని ఒక విద్యాసంస్థ ఆయనకు సాహిత్యంలో డాక్టరు బిరుదు ఇచ్చింది. అప్పటి నుంచి మౌల్వీ డాక్టర్ ఉమర్ ఆలీషా అయ్యారు. అదే సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లాలో పెద్ద భాగం అటు పోయింది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం విడి జిల్లా కావడానికి 1950 వరకు, విజయనగరం విడి జిల్లా కావడానికి 1979 వరకు ఆగవలసి వచ్చింది.

ఇక మన పాఠకుల్లో కొందరి మనసులో ఉండే ప్రశ్నను దాటవేయకూడదు. వేదాంతం రాసినవారు, బ్రహ్మవిద్య అని పుస్తకం పేరు పెట్టినవారు, హిందూ శిష్యులకు గురువుగా ఉన్నవారు, ఆయనను మనవారు అనుకోవచ్చా? ఈ ప్రశ్న ఒక్క ఉమర్ ఆలీషా మీదనే వచ్చింది కాదు. సూఫీల మీద మొదటి నుంచీ ఉన్నదే. తౌహీద్ విషయంలో రాజీ లేనివారికి సూఫీల మాటతీరు చాలాసార్లు ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బందిని కొట్టిపారేయడం న్యాయం కాదు. పీఠం సాంప్రదాయంలోని ప్రతి మాటనూ ప్రతి ముస్లిం ఒప్పుకోవాలని కూడా ఎవరూ అనరు. కానీ ఒక విషయం గమనించాలి. ఆయన రోజుల్లో తెలుగు తప్ప మరో భాష రాని ముస్లింలు కోస్తా అంతటా ఉన్నారు, ఉత్తరాంధ్రలో మరీ ఎక్కువ. నమాజులో చదివే సూరాల అర్థం తెలియక, ఉర్దూ పుస్తకం చదవడం రాక, ప్రవక్త (స) జీవితం గురించి పెద్దల నోట విన్నది తప్ప మరేమీ తెలియక గడిపిన తరాలవి. వారు చదువుకోగల భాషలో, వారి పొరుగువారు కూడా చదవగల భాషలో మహాప్రవక్త (స) చరిత్రను పద్యంగా రాసిపెట్టిన మనిషి ఈయన. ఇవాళ తెలుగులో ఇస్లామీ పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఈ పేజీ కూడా తెలుగులోనే చదువుతున్నారు. ఆ రోజుల్లో ఆ దారిలో నడిచినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పైగా శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు ఈ సంగతి పుస్తకం చూసి తెలుసుకోవలసినది కాదు. విజయనగరంలో ఖాదర్ బాబా దర్గాకు వచ్చేవారిలో హిందువులు ఎందరో చూస్తూనే ఉన్నారు. నూటికి ఒక్కరు కూడా లేని చోట ముస్లిం జీవితం పొరుగువారితో కలిసి నడవక తప్పదు. ఆ నడక భయంతో నడవాలా, మర్యాదతో నడవాలా అన్నదే తేడా. ఉమర్ ఆలీషాకు తెలుగు మీద ఉన్న అధికారం ఆ మర్యాదను సంపాదించింది. సంస్కృత సమాసం దగ్గర తడబడని మౌల్వీని పరాయివాడు అని ఎవరు అనగలరు?

1945 సంవత్సరం మొదటి నెల తెలుగు దేశానికి రెండు దెబ్బలు కొట్టింది. జనవరి 2న విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు పోయారు. జనవరి 23న నరసాపురంలో ఉమర్ ఆలీషా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై నిండలేదు. ఖయ్యాంను తెలుగు చేసిన ఇద్దరు పండితులు మూడు వారాల తేడాలో వెళ్లిపోయారు.

శాసనసభ్యుడుగా ఉండగానే ఆయన మరణించారు. అదే ఏడాది అక్టోబరులో ఆ సభ రద్దయింది. ఆఖరున జరిగిన ఎన్నికల్లో దేశంలోని 30 ముస్లిం స్థానాలనూ ముస్లిం లీగే గెలుచుకుంది. ఉత్తర మద్రాసు స్థానం కూడా అందులో ఒకటి. పాకిస్తాన్ అన్న మాట తప్ప మరో మాట వినిపించని ఎన్నికలవి. పిఠాపురం నుంచి సోంపేట దాకా ఉన్న ముస్లింలలో ఆ పాకిస్తాన్‌కు ఇల్లు వదిలి వెళ్లగలిగినవారు ఎందరు? ఆ ఎన్నికలు, ఆ తరువాత వచ్చిన 1947 చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. స్వతంత్ర భారత రాజ్యాంగం ప్రత్యేక నియోజకవర్గాలను తీసివేసింది. మొదటి సాధారణ ఎన్నికల్లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఆస్తి లేని ముస్లిముకూ, ముస్లిం స్త్రీకీ కూడా వచ్చింది. ఒకే జాబితా, ఒకే వరుస, ఒకే పెట్టె.

పిఠాపురంలో పీఠం బాధ్యత ఉమర్ ఆలీషా కుమారుడు హుస్సేన్ షా తీసుకున్నారు. ఆయన కూడా తెలుగు కవే. 1981లో కాలం చేసే వరకు తండ్రి దారిలోనే నడిచారు. నేటి పీఠాధిపతి పేరు కూడా ఉమర్ ఆలీషాయే. ప్రతి ఏటా అక్కడ సభలు జరుగుతాయి, కోస్తా జిల్లాల నుంచి శిష్యులు వస్తారు.